తెన్నేటి విశ్వనాథం గారు ఎంపీగా చేసిందేమిటి?

సాగర్‌నగర్ శ్రీను
నమస్తే అందరికీ. మా కాలనీ రీడింగ్ రూములో నెలకొక విశాఖ మనిషి గురించి చెప్పుకుంటున్నాం. ఈసారి తెన్నేటి విశ్వనాథం గారు, చెప్పాల్సింది నేను. ఎక్కడ వెతికినా అదే పేరా దొరుకుతోంది: స్వాతంత్ర్య సమరయోధుడు, ప్రకాశం పంతులు గారి అనుచరుడు, ఉక్కు ఉద్యమ నాయకుడు, 1967లో విశాఖ ఎంపీ. అక్కడితో సరి. మా వీధి కుర్రాళ్ళని అడిగితే "తెన్నేటి పార్కా? షిప్పు కొట్టుకొచ్చింది, అదే కదా" అన్నారు. 2020 అక్టోబరులో గాలివానకి బంగ్లాదేశ్ ఓడ 'ఎంవీ మా' అక్కడ రాళ్ళ మీదకి ఎక్కిన సంగతి వాళ్ళకి గుర్తుంది, పార్కుకి ఆ పేరు ఎవరిదో తెలీదు.

నాకు తెలియాల్సింది ఇది. ఆయన లోక్‌సభలో ఉన్నది ఒక్క టర్మ్, అదీ ఏ పార్టీ లేకుండా. అలాంటాయన ఎంపీగా ఏం చేయగలిగారు? ఉక్కు ఫ్యాక్టరీ ఆయన తెచ్చారనాలా, జనం తెచ్చుకున్నారనాలా?

డాబాగార్డెన్స్ ప్లీడరు
శ్రీనూ, నువ్వు చెప్పిన పేరాలో ముప్పావు జీవితం ఎగిరిపోయింది. విశ్వనాథం గారు 1895లో పుట్టారు. లోక్‌సభలో అడుగుపెట్టేసరికి డెబ్బై దాటాయి. ఈ రోజుల్లో ఎంపీ టికెట్టుతో రాజకీయాలు మొదలుపెడుతున్నారు, ఆయనకి అది దాదాపు చివరి మజిలీ.

లా చదివి, గాంధీగారి పిలుపుతో ఉద్యమంలోకి దిగినవారు. ఉప్పు సత్యాగ్రహంలోనూ, క్విట్ ఇండియాలోనూ జైలుకి వెళ్ళారు. 1951లో ప్రకాశం గారు కాంగ్రెస్‌తో తెగతెంపులు చేసుకున్నప్పుడు ఆయన వెంట బయటికి వచ్చేశారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం ఏర్పడితే, ప్రకాశం మంత్రివర్గంలో మంత్రి అయ్యారు. ఆ ప్రభుత్వం మద్యనిషేధం గొడవలో 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఒక్క ఓటు విలువేమిటో విశ్వనాథం గారికి ఎవరూ చెప్పక్కర్లేదన్నమాట.

ప్రకాశం గారు 1957లో పోయారు. ఆయన ఆత్మకథకు చివరి భాగం రాసి పూర్తిచేసింది విశ్వనాథం గారే. నన్నడిగితే నీ ప్రసంగం అక్కణ్ణుంచి మొదలుపెట్టు. ఒక నాయకుడి కథని అనుచరుడు పూర్తిచేయడం మన దగ్గర అంత మామూలు విషయం కాదు. సాధారణంగా అనుచరులు పొగడ్త రాస్తారు, లేదా పార్టీ మారి తిట్లు రాస్తారు.

ఉక్కునగరం పాతకాపు
ప్లీడరుగారు చెప్పిందంతా నిజమే గానీ శ్రీనుగారు అడిగింది ఉక్కు సంగతి. అక్కడ నాకు కొంచెం అభ్యంతరం ఉంది.

1965లోనే ఆంగ్లో-అమెరికన్ నిపుణుల బృందం తిరిగి చూసి, కొత్త ఉక్కు కర్మాగారానికి విశాఖే అనువైన చోటు అని చెప్పేసింది. రేవు ఉంది, భూమి ఉంది, రైలు ఉంది. బైలదిల్లా నుంచి ఇనుప ఖనిజం జపాన్‌కి పంపడానికి కొత్తవలస-కిరండోల్ లైను వేస్తున్న రోజులవి. ఖనిజం మన ఊరి మీదుగానే ఓడెక్కాలి, ఫ్యాక్టరీ మాత్రం మనకి ఇవ్వరట! ఢిల్లీ నానుస్తూ కూర్చుంది. హోస్పేట, సేలం వాళ్ళు కూడా మాకంటే మాకని పోటీ పడుతున్నారు.

1966 అక్టోబరులో తమనంపల్లి అమృతరావు విశాఖ వచ్చి ఆమరణ దీక్షకి కూర్చున్నాడు. ఆయనది మన జిల్లా కూడా కాదు, గుంటూరు జిల్లా. నవంబరు 1న ఇక్కడ కాల్పులు జరిగాయి. రాష్ట్రమంతా కలిపి 32 మంది ప్రాణాలు పోయాయని ఉద్యమంలో ఉన్నవాళ్ళందరూ చెప్పే లెక్క. చాలామంది ఆ 32 విశాఖలోనే అనుకుంటారు, కాదు. విజయవాడ, గుంటూరు, వరంగల్ దాకా మండింది. వామపక్షాల ఎమ్మెల్యేలు, ఎంపీలు పదవులు వదులుకున్నారు. అప్పటికి విశ్వనాథం గారు ఎంపీ కారు. ఎంపీ అయింది ఆ తర్వాత ఎన్నికల్లో. కాబట్టి ఉక్కు తెచ్చింది ఎంపీ కాదు, వీధి. "విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు" అన్నది లోక్‌సభలో పుట్టిన నినాదం కాదు.

జోడుగుళ్ళపాలెం రాజు
పాతకాపు అన్నా, ఆ వీధిని కూర్చిందెవరు మరి? అఖిలపక్ష కార్యాచరణ సంఘం పెద్ద ఆయనే కదా. కమ్యూనిస్టులు, స్వతంత్ర పార్టీ వాళ్ళు, స్టూడెంట్లు, వీళ్ళలో ఎవరు పిలిచినా రెండోవాడు వచ్చేవాడా? అందరికీ సమ్మతమైన ముసలాయన ఒకరుండాలి. ఆయనకి అప్పుడు పార్టీ లేకపోవడమే కలిసొచ్చింది.

మర్రిపాలెం మాస్టారు
రాజు అన్నది సబబు. దానికి నేను కొంచెం చేరుస్తాను.

1967 ఫిబ్రవరి ఎన్నికలు కాల్పులు జరిగిన మూడు నెలలకే వచ్చాయి. రాష్ట్రంలో ఉన్న లోక్‌సభ స్థానాలు 41. ఉద్యమం అంత రగిలినా వాటిలో అత్యధికం కాంగ్రెస్సే గెలుచుకుంది. రాష్ట్రంలో కూడా బ్రహ్మానందరెడ్డి గారి ప్రభుత్వమే మళ్ళీ వచ్చింది. దీన్ని మన ఉద్యమకారులు పెద్దగా చెప్పుకోరు. ఎదురుగాలి రాష్ట్రమంతా వీయలేదు, విశాఖలో వీచింది. పార్టీ జెండా లేని మనిషిని ఈ ఊరు ఢిల్లీకి పంపింది. అంటే ఆయన గెలుపు ఒక మనిషి గెలుపు మాత్రమే కాదు, ఊరు పెట్టిన పిటిషను.

ఇక ఆయన లోక్‌సభకి వెళ్ళిన కాలం ఎలాంటిదో చూడండి. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించారు. పంచవర్ష ప్రణాళికే ఆగిపోయింది. 1966 నుంచి 1969 దాకా ఏడాదికో ప్రణాళికతో నెట్టుకొచ్చారు. కరువు, తిండిగింజల దిగుమతి. అలాంటప్పుడు కోట్లు పోసి ఉక్కు కర్మాగారం కట్టమని ఏ ఆర్థికమంత్రిని అడిగినా "డబ్బెక్కడుంది?" అనే అంటాడు. అడిగేది మొండిగా పట్టుబట్టే పని, సాధించే పని కాదు. కాల్పుల్లో పోయినవాళ్ళ సంగతి జనం మరిచిపోయే లోగా ఫైలు మూతపడకుండా చూడాలి. ఇండిపెండెంటు ఎంపీ అలాంటి వేళ చేయగలిగింది అంతే, అదేం తక్కువ పని కాదు.

ఎండాడ టెకీ
ఒక డౌటు. అప్పటిదాకా డబ్బు లేనివాళ్ళకి 1970లో ఫ్యాక్టరీ ఇస్తామనేసరికి ఒక్కసారిగా ఎక్కణ్ణుంచి వచ్చింది? మనసు మారిందా?

మర్రిపాలెం మాస్టారు
మనసు కాదు బాబూ, లెక్క మారింది. 1969లో కాంగ్రెస్ రెండుగా చీలింది. ఇందిరాగాంధీ గారి పక్షానికి లోక్‌సభలో సొంతంగా మెజారిటీ లేదు. డీఎంకే, కమ్యూనిస్టులు, ఇండిపెండెంట్లు చెయ్యి ఎత్తితేనే బిల్లు గట్టెక్కేది. 1970 ఏప్రిల్ 17న ఆవిడ లోక్‌సభలో ప్రకటించినప్పుడు ఒక్క విశాఖ పేరే చెప్పలేదు. సేలం, హోస్పేట దగ్గర విజయనగర్, విశాఖ, మూడింటినీ కలిపి చెప్పారు. ముగ్గురు పోటీదారులకీ తలా ఒకటి! పోట్లాట మొదలైనప్పుడు ఒక్కటే ఇస్తామన్న ఢిల్లీ, సీట్ల లెక్క తారుమారయ్యేసరికి మూడు ఇచ్చింది. ఇది నా ఊహే అనుకోండి, తేదీలు పక్కపక్కన పెట్టుకు చూస్తే ఇంకోలా తోచదు.

ఉక్కునగరం పాతకాపు
మాస్టారూ, మీరే నా వాదన గెలిపించారు. సీట్ల లెక్క వల్ల వచ్చిందంటే ఇంక తెన్నేటి గారి పాత్ర ఏం మిగిలింది?

డాబాగార్డెన్స్ ప్లీడరు
లెక్క కుదిరినప్పుడు లిస్టులో విశాఖ పేరు ఉండాలి కదండీ. లేకపోతే ఎవరికి ఇస్తారు? గోవా కూడా ఆశపడిన పోటీ అది. 1966 నుంచి 1970 దాకా ఆ పేరు లిస్టులోంచి జారిపోకుండా పట్టుకున్నవాళ్ళలో ఆయన ముందువరస. అంతకంటే ఎక్కువ ఆయన ఖాతాలో రాయొద్దు, అంతకంటే తక్కువా రాయొద్దు.

ఇంకొక ముక్క. 1970 డిసెంబరు 27న లోక్‌సభ రద్దయింది. ఇందిరాగాంధీ గారు వచ్చి శంకుస్థాపన చేసింది 1971 జనవరి 20న, అంటే నెల తిరక్కుండానే ఎన్నికల ముంగిట. శంకుస్థాపన రోజుకి విశ్వనాథం గారు మాజీ ఎంపీ. ఆ ఎన్నికల్లో విశాఖ సీటు కాంగ్రెస్ తరఫున పీవీజీ రాజు గారికి వెళ్ళింది. శిలాఫలకం అంటే ఎన్నికలకి ముందు పాతే విత్తనం అనే సంగతి మన తరం కనిపెట్టిందేం కాదు.

పెదగంట్యాడ నాయుడు
శిలాఫలకం దాకా వచ్చి ఆగిపోయారు అందరూ. దాని కింద ఉన్న నేల ఎవరిదో కూడా చెప్పండి.

64 ఊళ్ళు. ఇరవై వేల ఎకరాలు దాటిన భూమి. మా తాతగారి జీడితోట, తాటిచెట్లు ఆ గోడ లోపలే ఉన్నాయి. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని అరిచినవాళ్ళు వేరు, హక్కు పత్రాలు ఇచ్చేసి లేచి వచ్చినవాళ్ళు వేరు. నిర్వాసితులకని ఆర్ కార్డు ఒకటి చేతిలో పెట్టారు, ఇంటికో ఉద్యోగం అన్నారు. నాలుగైదు దశాబ్దాల తర్వాత కూడా కార్డు దాచుకుని ఉద్యోగం రాని కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. కార్డు పట్టుకున్న తండ్రి పోయాడు, కొడుక్కి వయసు దాటింది, ఇప్పుడు మనవడు తిరుగుతున్నాడు.

నేను తెన్నేటి గారిని తప్పుపట్టడం లేదు. ఆయన అడిగింది కర్మాగారం. భూసేకరణ చేసింది తర్వాతి ప్రభుత్వాలు. కానీ ఎంపీ జీవితం చెప్పేటప్పుడు మా ఊళ్ళ పేర్లు కూడా ఒక్కసారి అనాలి శ్రీనూ. శిలాఫలకం మీద అవి లేవు.

సాగర్‌నగర్ శ్రీను
తప్పకుండా నాయుడుగారూ. ఆ ఊళ్ళ పేర్లు కొన్ని మీరు రాసి పంపితే చదువుతాను.

ఇంకో అనుమానం. శంకుస్థాపన 1971లో అయితే ఉక్కు ఎప్పుడు వచ్చింది? ఆయన చూశారా?

ఉక్కునగరం పాతకాపు
చూడలేదు. ఇది మాత్రం నేను చెప్పాలి, నా ఉద్యోగం అంతా అక్కడే గడిచింది.

రాయి వేసి వెళ్ళాక ఏళ్ళ తరబడి బడ్జెట్‌లో తాయిలాలే. సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది 1979 జూన్‌లో. అదే ఏడు నవంబరు 10న విశ్వనాథం గారు పోయారు. రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ పేరుతో కంపెనీ ఏర్పడింది 1982 ఫిబ్రవరిలో. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్, గోదావరి అని పేరు పెట్టారు దానికి, వెలిగింది 1990లో. పీవీ నరసింహారావు గారు జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టు 1న. ఉద్యమంలో కాలేజీ కుర్రాళ్ళుగా ఉన్నవాళ్ళు అప్పటికి నడివయసుకి వచ్చేశారు. గోదావరి తర్వాత కృష్ణ, విస్తరణలో అన్నపూర్ణ. ఫర్నేసులకి నదుల పేర్లు, అన్నం పెట్టే తల్లి పేరు పెట్టుకున్న వాళ్ళం, సొంత ఇనుప ఖనిజం గని మాత్రం తెచ్చుకోలేకపోయాం. మిగతా పెద్ద ఉక్కు కంపెనీలకి సొంత గనులుంటే, మేం ఖనిజం మార్కెట్ ధరకి కొనుక్కుని వాళ్ళతో పోటీపడాలి. తెన్నేటి గారి తర్వాత వచ్చిన ఎంపీలందరినీ అడగాల్సిన ప్రశ్న అది.

ఎండాడ టెకీ
అంటే 2021లో ప్రైవేటీకరణ అన్నప్పుడు కూర్మన్నపాలెం గేటు దగ్గర దీక్షల్లో కూర్చున్నవాళ్ళు అడిగింది కూడా అదేనా?

ఉక్కునగరం పాతకాపు
అదే. 2021 జనవరిలో కేంద్రం నూటికి నూరుశాతం వాటా అమ్మేస్తామని నిర్ణయించింది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. డబ్బు వచ్చింది, గని రాలేదు. అప్పు తీర్చుకోవడానికి డబ్బు, బతకడానికి గని కావాలి.

మోడరేటర్
ప్రైవేటీకరణ మీద మనకి ఇప్పటికే పొడవాటి థ్రెడ్ ఉంది, దయచేసి అక్కడికి. ఇక్కడ తెన్నేటి గారి మీదే ఉందాం. ఇప్పటి ఎంపీల పేర్లు లాగొద్దు, క్రితంసారి ఏమైందో తెలుసు కదా.

చింతపల్లి దొర
మోడరేటర్‌గారూ, పాత ఎంపీల పేర్లు లాగొచ్చా? ఇండిపెండెంటుని ఢిల్లీ పంపడం విశాఖకి 1967లో కొత్తేమీ కాదు. 1952 మొదటి ఎన్నికల్లో విశాఖపట్నం ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. గెలిచిన ఇద్దరూ ఇండిపెండెంట్లే. ఒకరు లంకా సుందరం గారు, ఆర్థికశాస్త్రం చదివిన డాక్టరేటు మనిషి. రెండోవారు గాం మల్లుదొర.

ఎంతమందికి తెలుసు ఈ పేరు? అల్లూరి సీతారామరాజు గారి దళంలో గాం గంటందొర ఉన్నాడని అందరికీ తెలుసు, ఆయన తమ్ముడే ఈ మల్లుదొర. మన్యం పితూరీలో పట్టుబడి అండమాన్ జైలుకి వెళ్ళాడు. తిరిగొచ్చి, స్వతంత్ర భారతంలో ఓటు వేసి, ఓటు అడిగి, లోక్‌సభలో కూర్చున్నాడు. బ్రిటిష్ వాడి కోర్టు దోషి అన్న మనిషి, ఢిల్లీ పార్లమెంటులో గౌరవ సభ్యుడు. విశాఖలో ఏ బీచ్‌లో ఆయన పేరు ఉంది? మా ఏజెన్సీ ఇప్పుడు అరకు నియోజకవర్గంలోకి వెళ్ళిపోయింది, 2009 నుంచి. విశాఖ ఎంపీల జాబితా చదివేవాడు కూడా ఆ పేరు దగ్గర ఆగడు.

జోడుగుళ్ళపాలెం రాజు
దొరగారూ, నిజంగా నాకు తెలీదు ఇది. మా బళ్ళో అల్లూరి పాఠం అల్లూరి దగ్గరే అయిపోయేది.

అయినా చూడండి, ఈ సీటు వింతైనది. ఉద్యమంలో జైలుకెళ్ళిన మల్లుదొర, ఆర్థికశాస్త్రవేత్త, జమీందారు పీవీజీ రాజు, 1962లో ఆయన బంధువు విజ్జీ. 1936లో ఇంగ్లండ్ వెళ్ళిన మన క్రికెట్ జట్టు కెప్టెన్, తర్వాత రేడియో కామెంటేటర్! ఆ వెంటనే తెన్నేటి గారు. ఒక జమీందారు, ఒక ఉద్యమకారుడు, మళ్ళీ జమీందారు.

మర్రిపాలెం మాస్టారు
విజ్జీ కెప్టెన్సీ గురించి మాత్రం మాట్లాడుకోకపోతేనే మంచిది. ఆ పర్యటన సంగతులు క్రికెట్ వాళ్ళు ఇప్పటికీ తలుచుకుని తల పట్టుకుంటారు.

శ్రీనూ, నువ్వు అడిగిన ప్రశ్నకి నా జవాబు ఇది. ఆయన్ని ఎంపీగా మాత్రమే చూస్తే మూడున్నరేళ్ళ పైచిలుకు పదవీకాలం, పార్టీ లేని గొంతు. అమృతరావు దీక్ష, కాల్పులు, ఆ 32 మంది లేకపోతే ఆ గొంతుకి బలం లేదు. ఆ గొంతు లేకపోతే వాళ్ళ ప్రాణాలకి ఢిల్లీలో జ్ఞాపకం లేదు. ఈ రెండింట్లో ఒకటి ఎంచుకోమంటే నేను ఎంచుకోను. ప్రసంగంలో కూడా ఎంచుకోవద్దు, ఎవరో ఒకరు లేచి గొడవపడతారు.

డాబాగార్డెన్స్ ప్లీడరు
ఇంకొక పని చెయ్యి. మేమందరం చెప్పేది వినికిడి. ఆయన సభలో ఏం మాట్లాడారో లోక్‌సభ చర్చల సంపుటాల్లో ఉంది. పార్లమెంట్ డిజిటల్ లైబ్రరీలో పెట్టేశారు, ఇంట్లో కూర్చుని చూడొచ్చు. నాలుగో లోక్‌సభ, 1967 నుంచి 1970. ఇంటిపేరూ పేరూ ఇంగ్లీషులో ఒక్కోచోట ఒక్కోలా రాశారు, ఒక స్పెల్లింగుతో దొరక్కపోతే ఇంకో స్పెల్లింగు వేసి చూడు. 1970 ఏప్రిల్ 17 నాటి సంపుటం ముందు తియ్యి. ప్రకటన చేశాక ఎవరెవరు లేచారో, ఏమన్నారో దాంట్లోనే ఉండాలి. 2004లో తపాలాశాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది, ఎవరి దగ్గరైనా ఉంటే రీడింగ్ రూములో చూపించడానికి బాగుంటుంది.

గోపాలపట్నం లక్ష్మి
స్టాంపు మా నాన్నగారి ఆల్బంలో ఉంది. ఫొటో తీసి పంపిస్తాను శ్రీనుగారూ. అసలుది మాత్రం ఇవ్వను, ఇంతకుముందు ఒకరికి ఇచ్చిన సెట్టు తిరిగిరాలేదు.

సాగర్‌నగర్ శ్రీను
చాలా థాంక్స్ లక్ష్మిగారూ, ఫొటో చాలు. ప్లీడరుగారూ, సంపుటం కోసం ఈ ఆదివారం కూర్చుంటాను. దొరగారూ, మల్లుదొర గారి గురించి వచ్చే నెల మీరే వచ్చి చెప్పకూడదూ? చింతపల్లి నుంచి రాత్రి బస్సు ఉంది కదా, మా ఇంట్లో దిగండి.

చింతపల్లి దొర
రాత్రి బస్సులో నిద్ర పట్టదు బాబూ. పొద్దుటి బస్సుకి వస్తాను, సభ సాయంత్రం పెట్టుకోండి. మొదటి లోక్‌సభ సంపుటాలు కూడా అక్కడే ఉంటాయంటే, మల్లుదొర గారు మాట్లాడింది ఏమైనా దొరుకుతుందేమో నీ సంపుటంతో పాటే వెతికి పెట్టు.

మోడరేటర్
మల్లుదొర గారికి వేరే థ్రెడ్ తెరిచాను. దొరగారి పోస్టు అక్కడికి కాపీ చేశాను.